హ్యామ్‌స్టర్ పెంపకము – దాని సరంజామా

ఇటీవలి సంవత్సరములలో పేట్ బషీరాబాదు, సుచిత్ర, కొంపల్లి ప్రాంతముల ఇండ్లలోనికి ఒక కొత్త ప్రాణి ప్రవేశించినది. అరచేతిలో ఒదిగిపోయే శరీరము, ఉన్నదా లేదా అనిపించే తోక, నల్లపూసల వంటి కన్నులు, గింజలతో ఉబ్బిన బుగ్గలు – ఇదియే హ్యామ్‌స్టర్. తెలుగులో దీనికి వేరే పేరు ఏర్పడలేదు. ఇంగ్లీషు పేరే వాడుకలో నిలిచినది. పిల్లల పుట్టినరోజునకు కానుకగా కొనితెచ్చేవారు కొందరు. కుక్కను పెంచుటకు అపార్ట్‌మెంటు వారు ఒప్పుకొననందున దీనితో తృప్తిపడేవారు మరికొందరు.

మా కళాశాల విద్యార్థులు కొందరు ఒక హ్యామ్‌స్టర్‌ను జీవశాస్త్ర ప్రయోగశాలలో పెంచుటకు అనుమతి కావలెనని కోరుతున్నారు. కోరిక అసమంజసమైనది కాదు. 2014లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము జంతుశాస్త్ర తరగతులలో విచ్ఛేదనములను నిలిపివేయవలసినదిగా ఆదేశించిన తరువాత, కోసి చూచే విద్యకు బదులు బ్రతికియున్న ప్రాణిని గమనించే విద్యకు స్థానము పెరిగినది. అయితే ఒక ప్రాణిని తెచ్చుట వేరు, దానిని బ్రతికించుట వేరు. అనుమతి ఇచ్చే ముందు కళాశాల సంఘము వారును, అడిగే ముందు విద్యార్థులును తెలుసుకొనవలసిన విషయములు కొన్ని ఉన్నవి. దుకాణములలో విచారించి, చదివి, పెంచుచున్న ఇండ్లవారిని అడిగి మేము గ్రహించినదానిని ఇక్కడ వ్రాయుచున్నాము.

ముందుగా ఈ ప్రాణి ఎచ్చటిదో తెలియవలెను. ఏది కొనవలెను, ఏది కొనరాదు అను ప్రశ్నకు సమాధానము దాని పుట్టింటిలోనే ఉన్నది. మన దుకాణములలో ఎక్కువగా కనిపించే బంగారు వన్నె హ్యామ్‌స్టర్ సిరియా దేశపు అలెప్పో పరిసరముల జంతువు. అలెప్పో అంటే మన ఉర్దూ విద్యార్థులకు తెలిసిన హలబ్. అద్దములకు పేరుపొందిన ఆ హలబే. ఆ నగరమున వైద్యుడుగా ఉండిన అలెగ్జాండర్ రస్సెల్ 1756లో అలెప్పో ప్రకృతి చరిత్ర అను గ్రంథమును ప్రకటించినాడు. ఆయన తమ్ముడు ప్యాట్రిక్ రస్సెల్ దానిని పెంచి, సవరించి 1794లో రెండవ కూర్పుగా వెలువరించినాడు. ఈ ప్రాణి ప్రస్తావన అందులో ఉన్నది. ఒకదానిని కోసి చూడగా రెండు బుగ్గసంచులలోను లేత చిక్కుడు కాయలు వరుసగా కూరి ఉన్నవనియు, వాటిని బయటకు తీసి వదులుగా పోయగా జంతువు శరీరమునకు మూడింతల కుప్ప అయినదనియు అందులోని వివరము.

ఈ ప్యాట్రిక్ రస్సెల్ మనకు పరాయివాడు కాడు. 1781లో తన సోదరునితో కలిసి ఇండియాకు వచ్చి, విశాఖపట్టణమున నివసించి, ఈస్టిండియా కంపెనీ వారి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా మన తీరపు పాములను, చేపలను, మొక్కలను పరిశీలించినవాడు. మన రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్నది ఈయన పేరే. హలబ్ పొలములలోని హ్యామ్‌స్టర్‌ను గ్రంథమునకు ఎక్కించిన చేయియు, తెలుగుదేశపు పాములను గ్రంథమునకు ఎక్కించిన చేయియు ఒకటే కావడము ముచ్చటైన విషయము.

1839లో లండనులో వాటర్‌హౌస్ అను పండితుడు దీనికి శాస్త్రీయమైన పేరు పెట్టినాడు. పిమ్మట చాలకాలము ఎవరును దీనిని పట్టించుకొనలేదు. 1930లో జెరూసలేము హీబ్రూ విశ్వవిద్యాలయమునకు చెందిన అహరోనీ అను జంతుశాస్త్రజ్ఞుడు అలెప్పో దగ్గరి ఒక గోధుమ పొలమును త్రవ్వించి, ఒక తల్లిని, దాని పిల్లలను పట్టుకొనినాడు. అదే విశ్వవిద్యాలయములో కాలా అజార్ వర్గపు వ్యాధులపై పరిశోధన చేయుచుండిన సాల్ ఆడ్లర్‌కు ప్రయోగముల నిమిత్తము ఒక చిన్న జంతువు కావలసి వచ్చుటయే ఈ వేటకు కారణము. ఆ పిల్లలలో కొన్ని పారిపోయినవి, కొన్ని చచ్చినవి. మిగిలిన రెండు మూడింటి సంతతియే ప్రపంచపు ప్రయోగశాలలకు, అటుపై ఇండ్లకు వ్యాపించినది. పేట్ బషీరాబాదు దుకాణములోని గాజుపెట్టెలో నిద్రించుచున్న బంగారు హ్యామ్‌స్టర్ కూడ ఇంచుమించుగా ఆ గోధుమ పొలపు సంతానమే. దాని సోదరజాతులు సిరియా, తుర్కీ సరిహద్దు పొలములలో నేడు తరిగిపోవుచున్నవి.

ఇక పేరు. జర్మన్ భాషలో కూడబెట్టుట అను అర్థమిచ్చే క్రియ ఈ జంతువు పేరునుండే పుట్టినది. అరబ్బీలో దీనిని జీనుసంచుల వాడు అని వ్యవహరించేవారని చెప్తారు. గుఱ్ఱము వీపున ఇరువైపుల వ్రేలాడే ఖుర్జీలను చూచినవారికి ఆ పోలిక వెంటనే తట్టును. ఈ సంచులు బుగ్గల నుండి భుజముల వరకు సాగును. దొరికినదెల్ల అందులో నింపుకొని బొరియకు చేర్చుట దాని స్వభావము.

2001లో ప్రకటితమైన ఒక పరిశీలనలో జర్మనీ శాస్త్రజ్ఞులు ఆ ప్రాంతపు పొలములలో 30 బొరియలను పరిశీలించి కొలిచినారు. వాటి లోతు 36 మొదలు 106 సెంటీమీటర్ల వరకు ఉండినది. సగటున 65 సెంటీమీటర్లు. ఏ బొరియలోను ఒకటికి మించి పెద్ద జంతువు లేదు. హ్యామ్‌స్టర్ సరంజామాను గురించి చెప్పవలసిన దానిలో సగము ఈ మాటలలోనే ఉన్నది. ఇది లోతుగా త్రవ్వుకొనే ప్రాణి, ఒంటరిగా బ్రతికే ప్రాణి, చీకటిలో చల్లగా ఉండే ప్రాణి. దుకాణములో మనకు చూపించే పంజరము అరచేతి మందము పొట్టు పోసిన తీగల గూడు. అందులో జంటగా పెట్టి ఇస్తారు. దానిని మనము తెచ్చి వెలుతురు బాగుగా వచ్చునని కిటికీ దగ్గర పెడతాము. మూడు విధముల ఆ ప్రాణి స్వభావమునకు ఎదురు నడచుచున్నామన్నమాట.

మన నగరమునకు ఈ ప్రాణితో ఉన్న ఋణమును కూడ ఇక్కడ చెప్పవలెను. షామీర్‌పేట వైపు తుర్కపల్లి పరిసరములలో విస్తరించిన జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ సంస్థ రూపొందించిన కోవాగ్జిన్ టీకాను మనుష్యులకు ఇచ్చుటతో పాటు జంతువులలోను పరీక్షించినారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో 2020లో ఆ పరీక్షకు పాత్రమైన జంతువులలో ఈ సిరియా హ్యామ్‌స్టర్ ఒకటి. కరోనా వ్యాధి దీని ఊపిరితిత్తులను మనిషి ఊపిరితిత్తుల వలెనే దెబ్బతీయుట అందుకు కారణము. ఆ గుణమే మరొకచోట దీనికి మృత్యువైనది. 2022 జనవరిలో హాంకాంగులో ఒక దుకాణపు హ్యామ్‌స్టర్‌ల నుండి మనుష్యులకు వ్యాధి సోకినదని తేలగా, సుమారు రెండు వేల చిన్న జంతువులను ప్రభుత్వము చంపించినది.

మనకు మరింత దగ్గరి సంబంధము బాచుపల్లిలో ఉన్నది. డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో విడుదల చేసిన రెడిటక్స్ అను క్యాన్సరు మందు రిటుక్సిమాబ్ వర్గమునకు చెందినది. ఈ వర్గపు మందును చైనా హ్యామ్‌స్టర్ అండాశయము నుండి వచ్చిన కణములలో తయారు చేస్తారు. ఆ కణముల పరంపరను 1957లో అమెరికాలో థియోడోర్ పక్ అను శాస్త్రజ్ఞుడు మొదలుపెట్టినాడు. చైనా హ్యామ్‌స్టర్ వేరొక జాతి. మన ఇండ్లలోని బంగారు హ్యామ్‌స్టర్‌కు దూరపు దాయాది. ఏమైనను, పేట్ బషీరాబాదునకు కొద్ది మైళ్ళ దూరములో ఈ వంశపు జీవకణములు మనుష్యుల ప్రాణములు నిలుపు పనిలో ఉపయోగపడినవని తెలిసిన విద్యార్థి, దీనిని ఆటవస్తువుగా మాత్రము చూడజాలడని మా నమ్మకము.

ఇక సరంజామా విషయము. మొదటి సూత్రమొక్కటే: ఇల్లు ముందు, ప్రాణి తరువాత. జంతువు ధర కొద్దిపాటిది; దాని ఇంటికి, పరుపునకు, చక్రమునకు అయ్యే ఖర్చు అంతకు కొన్ని రెట్లు. తొందరపడి జంతువును కొనినవారు డబ్బు చాలక చిన్న పంజరముతో సరిపెట్టుకొనుట మేము అనేక ఇండ్లలో చూచినాము. జర్మనీ పశువైద్యుల జంతు సంక్షేమ సంఘము వారు ఒక్క హ్యామ్‌స్టర్‌కు కనీసము 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు కల ఇల్లు కావలెనని చెప్పుచున్నారు. మన దుకాణములలో రంగురంగుల గొట్టములతో, అంతస్తులతో అమ్మే పంజరములు చాలవరకు ఇందులో సగము కూడ ఉండవు. అంతస్తులు మనకు ముచ్చట. త్రవ్వుకొనే ప్రాణికి వాటితో పని లేదు, పైపెచ్చు క్రిందపడి కాలు విరుచుకొనే ప్రమాదము.

ఈ కొలతల పెట్టె దుకాణములో సులభముగా దొరకదు. కాని చేయించుకొనవచ్చును. వడ్రంగి చేత చెక్కపెట్టె చేయించి ముందువైపు గాజు, పైన జాలీ బిగించుట ఒక మార్గము. జీడిమెట్ల పారిశ్రామికవాడ మనకు దగ్గరే కనుక యంత్రములు దిగుమతియైన ప్యాకింగు చెక్కలు చవుకగా లభించును. అయితే అటువంటి చెక్కపైని ముద్రను చూడవలెను. ఇంగ్లీషులో హెచ్‌టీ అని ఉన్నచో వేడిచేత శుద్ధి చేసినది, పనికివచ్చును. ఎంబీ అని ఉన్నచో విషవాయువు పట్టించినది, కూడదు. నూనెలు, రసాయనములు ఒలికిన మరకలు ఉన్న చెక్కను ముద్ర చూడకనే విడిచిపెట్టవలెను. పాత చేపల గాజుతొట్టి దొరికినచో అదియు మంచిదే; పైన గాజుమూతకు బదులు జాలీ ఉండవలెను. జాలీ సందు చిటికెనవ్రేలి మందమునకు మించరాదు. తల పట్టిన సందులో శరీరమంతయు పట్టించుకొను విద్య దీనికి తెలియును.

పెట్టెలో పరుపు ఎంత లోతు ఉండవలెను? స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయము వారు 10, 40, 80 సెంటీమీటర్ల లోతు పరుపులలో హ్యామ్‌స్టర్‌లను ఉంచి చూచి, 2006లో ఫలితములు ప్రకటించినారు. 10 సెంటీమీటర్ల పరుపుపై ఉన్నవి పంజరపు తీగలను ఎక్కువగా కొరికినవి. 80 సెంటీమీటర్లు ఉన్నవి కొరుకనేలేదు. తీగలు కొరుకుటను చూచి పండ్లు అరగదీసుకొనుచున్నదని మనవారు మురిసిపోతారు. అది మురిసిపోవలసిన విషయము కాదు. బందీ యొక్క వేదన. ఇంటిలో 80 సాధ్యము కాకపోవచ్చును. పెట్టెలో ఒక సగమైనను 25, 30 సెంటీమీటర్ల లోతున పరుపు ఉండి తీరవలెను.

ఆ పరుపునకు ఏది వాడవలెననునది మన ప్రాంతములో కొంత చిక్కుప్రశ్న. మేడ్చల్, షామీర్‌పేట వైపు కోళ్ళఫారములు ఉన్నందున వరిఊక సులభముగా దొరకును. అయితే దానిలో దుమ్ము, ముక్కునకు కంటికి గుచ్చుకొనే గరుకు ఎక్కువ. కోతమిల్లు రంపపుపొట్టు అంతకంటె చెడ్డది. అది ఏ చెట్టుదో, దానికి ఏ మందు పూసినారో చెప్పగలవారు లేరు. దేవదారు వంటి పరిమళపు చెక్కల పొట్టులోని నూనెలు చిన్న ప్రాణుల ఊపిరితిత్తులకు, కాలేయమునకు హాని చేయును. సువాసన చేర్చిన పొట్లపు పొట్టు కూడ ఇట్టిదే. దూదివలె మెత్తగా ఉండే పీచును గూటి కొరకని అమ్ముతారు. దాని పోగులు కాళ్ళకు చుట్టుకొని రక్తప్రసారమును ఆపివేయును, మ్రింగినచో ప్రేగులలో చిక్కుకొనును. మా ఉద్దేశ్యములో మంచివి రెండు: అచ్చు లేని తెల్లకాగితమును సన్నగా చింపిన పీలికలు, దుమ్ము దులిపిన ఎండుగడ్డి. రెండును కలిపి అదిమినచో సొరంగము కూలిపోక నిలుచును. కాగితమునకు కళాశాలలో కొదువ లేదు. పరీక్షలలో తెల్లగా వదిలిన జవాబు పుటలు ప్రతి సంవత్సరము తగినన్ని మిగులుచునే ఉన్నవి.

పరుపునంతను వారము వారము మార్చి, పెట్టెను కడిగి, సబ్బు వాసన పట్టించుట మనవారి పరిశుభ్రత. హ్యామ్‌స్టర్‌కు తన వాసనయే తన ఇంటి చిరునామా. అది మూత్రము పోసే మూల ఒకటి ఉండును. ఆ మూలను మాత్రము రెండు మూడు రోజులకు ఒకసారి తీసి, మిగిలిన దానిని నెలలకు కొంత కొంతగా మార్చిన చాలును.

చక్రము కొనునప్పుడు కొలతబద్ద వెంట తీసుకొనిపోవలెను. బంగారు హ్యామ్‌స్టర్‌కు కనీసము 28 సెంటీమీటర్ల వ్యాసము, పొట్టిజాతులకు 20 ఉండవలెను. పరుగెత్తునప్పుడు వెన్ను వంగుచున్నచో చక్రము చిన్నదన్నమాట. నడుమ తీగల సందులున్న చక్రము కాలును పట్టుకొని విరిచివేయును; అడుగు నిండుగా ఉన్నది కొనవలెను. ఒక రాత్రిలో ఇది కొన్ని కిలోమీటర్లు పరుగెత్తును. కావున చప్పుడు చేయని చక్రము కొనుట మనకును మంచిది. ప్రాణిని లోపల పెట్టి ఇంటిలో దొర్లించే ప్లాస్టిక్ బంతి మాత్రము ఏ కొలతలోను కొనరాదు. గాలి ఆడదు, దారి కనబడదు, ఆగుట దాని వశములో ఉండదు.

దీనికి నీళ్ళతో స్నానము చేయించరాదు. ఒంటి నూనె పోయి చలిపట్టి చచ్చును. షాంపూలు అమ్మేవారు ఉన్నారు, అది వేరు సంగతి. దీని స్నానము ఇసుకలో. ఒక మట్టిమూకుడులో రెండు అంగుళముల ఇసుక పోసి పెట్టినచో తానే పొర్లాడి ఒంటి జిడ్డు వదిలించుకొనును. ఆ ఇసుక నదీ ఇసుక కావలెను. జల్లించి, కడిగి, ఎండబెట్టి, మూకుడులో వేయించి చల్లార్చవలెను. నేడు మన చుట్టును ఇండ్లు కట్టేచోట కుప్పలుగా కనబడేది చాలవరకు రోబో ఇసుక, అనగా రాయిని పిండి చేసినది. దాని రజను ఊపిరితిత్తులలో నిలిచిపోవును. అడిగి తెలుసుకొనక గుప్పెడు తెచ్చి పోయరాదు.

దాగుకొనుటకు ప్లాస్టిక్ ఇల్లు కొననక్కరలేదు. మూతి పగిలిన చిన్న మట్టికుండను పక్కకు పడుకోబెట్టి, అంచులు అరగదీసినచో అంతకు మించిన ఇల్లు లేదు. వేసవిలో చల్లగా కూడ ఉండును. పొట్టిజాతికి పెద్ద కొబ్బరిచిప్ప చాలును. తిండికి ప్రమిద సరిపోవును. నీటికి బంతిమూతి సీసా కొనవలెను. ప్రతి ఉదయము దాని మూతిని వ్రేలితో తాకి నీరు వచ్చుచున్నదో లేదో చూడవలెను. నీరు నిండుగానే ఉన్నదని మనము అనుకొనుచుండగా మూతి పట్టివేసి దాహముతో చచ్చిన ప్రాణులు కలవు. దీని ముందుపండ్లు జీవితమంతయు పెరుగుచునే ఉండును కనుక మందులు కొట్టని జామచెట్టు కొమ్మను అప్పుడప్పుడు పెట్టవలెను.

ఆహారము విషయములో మన కిరాణా దుకాణము దిగుమతి పొట్లములకు తీసిపోదు. రంగులు అద్దిన బిళ్ళలు, తీపి కలిపిన గింజలు ఉన్న పొట్లములను మేము సిఫారసు చేయము. కొర్రలు, సజ్జలు, జొన్నలు, గోధుమలు, బార్లీ కలిపి, అందులో కొద్దిగా అవిసెలు, నాలుగైదు పొద్దుతిరుగుడు గింజలు చేర్చినచో మంచి మిశ్రమము. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన పట్టికల ప్రకారము కొర్రలలో మాంసకృత్తులు నూటికి 12 పాళ్ళు. మరపట్టిన బియ్యములో 7 పాళ్ళకు లోపే. హ్యామ్‌స్టర్‌కు 16 నుండి 18 పాళ్ళు కావలెను గనుక గింజలు మాత్రమే చాలవు. వారమునకు రెండుసార్లు ఉడికించిన గ్రుడ్డు తెల్లసొన చిటికెడు, మొలకెత్తిన పెసలు కొన్ని ఇవ్వవలెను. పెద్దదానికి రోజుకు 10, 12 గ్రాముల తిండి సరిపోవును. బోయినపల్లి మార్కెట్టులోని కీరదోస, క్యారెట్టు ముక్క, కొత్తిమీర రెబ్బ బాగుగా కడిగి ఇవ్వవచ్చును. ఉల్లి, వెల్లుల్లి, నిమ్మ, నారింజ, పచ్చి రాజ్మా, మిఠాయిలు కూడవు. పొట్టిజాతులలో కొన్నింటికి మధుమేహము వచ్చు స్వభావము కలదు. వాటికి పండ్లు కూడ వద్దు. పెట్టినది మాయమైనదని మరల పెట్టరాదు. అది తినలేదు, దాచినది. ఆకుకూర దాచినచో మరునాడు వెతికి తీసివేయవలెను.

ఈ దాపరికమునకు చీమలు వస్తవి. చీమలమందు చల్లుట, సుద్దతో గీత గీయుట ప్రాణికి ప్రమాదము. మన అమ్మమ్మలు పాలగిన్నె బల్లకు చేసిన ఉపాయమే దీనికి మందు: పెట్టెను నాలుగుకాళ్ళ బల్లపై పెట్టి, కాళ్ళను నీటి గిన్నెలలో నిలుపుట. దోమలచుట్ట, సాంబ్రాణి, అగరువత్తుల పొగ ఆ గదిలో ఉండరాదు.

అన్నింటికంటె పెద్ద శత్రువు మన ఎండ. ఈ ప్రాణికి 20 నుండి 24 డిగ్రీల వేడి హాయి. 30 దాటినచో కష్టము. మన ప్రాంతమున ఏప్రిల్, మే నెలలలో 40 దాటుట సామాన్యము. డాబా క్రింది పై అంతస్తు గదిలో రాత్రియు వేడి తగ్గదు. సిరియా కూడ ఎండల దేశమే కదా అని కొందరు వాదిస్తారు. అక్కడ అది పగలంతయు అడుగుల లోతున నేలలో ఉండును. మనము దానిని గాజుపెట్టెలో పెట్టి నేలను తీసివేసినాము. వేసవిలో పెట్టెను క్రింది అంతస్తులో, ఉత్తరపు గోడ ప్రక్కన, నేలకు దగ్గరగా ఉంచవలెను. పెట్టెలో ఒక షాబాదుబండ ముక్కను ఉంచినచో అది దానిపై బోర్లా పడుకొనును. నీరు గడ్డకట్టించిన సీసాను గుడ్డలో చుట్టి పెట్టె ప్రక్కన ఆనించవచ్చును. కూలరు గాలి తిన్నగా తగులరాదు. వాలిపోయి, నోట చొంగ కార్చుచు వేగముగా ఊపిరి తీయుచున్నచో ఎండదెబ్బ తగిలినదని గ్రహించి చల్లనిచోటికి చేర్చి వెంటనే వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. డిసెంబరు చలిలో దీనికి భిన్నమైన ప్రమాదము: ఒళ్ళు చల్లబడి, ఊపిరి కనబడక, చచ్చినట్లు ముడుచుకొనవచ్చును. పూడ్చిపెట్టుటకు ముందు అరచేతుల మధ్య ఒక గంట వెచ్చగా ఉంచి చూడవలెను.

కొనుగోలును గురించి ఇక కొంత. చార్మినారు దగ్గర ముర్గీచౌక్ మొదలు మన కొంపల్లి రహదారి దుకాణముల వరకు అమ్మకము సాగుచున్నది. 2018లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము పెంపుడు జంతువులను అమ్మే దుకాణము రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావలెను. ఆ పత్రము చూపుమని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము కదలుటకు చాలని పంజరములో ప్రాణిని ఉంచుట అపరాధము. ఇది దుకాణదారునకు ఎంతో ఇంటివారికిని అంతే.

సాయంత్రము పొద్దుపోయిన తరువాత పోయి చూచుట మంచిది. పగలు నిద్రలో ఉన్నదాని ఆరోగ్యము తెలియదు. కండ్లు తేటగా, తోక దగ్గర పొడిగా ఉండవలెను. తోక క్రింద తడి, విరేచనము ఉన్నచో అది పిల్లలలో రెండు మూడు రోజులలో ప్రాణము తీసే వ్యాధికి గుర్తు. ఆ పెట్టెలోని ఇతర ప్రాణిని కూడ కొనరాదు. ఒక్కదానినే కొనవలెను. జత లేక దిగులుపడునని దుకాణములో చెప్తారు. ఎనిమిది వారములు నిండిన బంగారు హ్యామ్‌స్టర్‌లు ఒకచోట ఉన్నచో నెత్తురు కారునట్లు పోరాడును. ఆడ మగలను కలిపి ఉంచిన పెట్టెనుండి తెచ్చినది అప్పటికే చూలుతో ఉండవచ్చును. గర్భకాలము 16 రోజులే. ఈత ఈనినచో ఎనిమిది, పది పిల్లలు. వాటికి ఇండ్లు వెదకుట ఎవరి పని?

జబ్బు చేసినప్పుడు మనుష్యుల మందు వేయరాదని ప్రత్యేకముగా చెప్పవలెను. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ వంటివి దీని ప్రేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి ప్రాణమే తీయును. చిన్న జంతువులను చూచే అలవాటున్న పశువైద్యుని పేరు, చిరునామా ప్రాణిని కొనక ముందే విచారించి ఉంచుకొనవలెను. రాజేంద్రనగరములోని పశువైద్య కళాశాల 1946 నుండి ఉన్నది గాని, పేట్ బషీరాబాదు నుండి నగరమునకు ఆ చివర. అత్యవసరములో ఆ దూరమును లెక్కలోనికి తీసుకొనవలెను.

తెచ్చిన మొదటి మూడు రోజులు దానిని తాకక విడువవలెను. తరువాత అరచేతిలో ఒక గింజ పెట్టి, నేలపై కూర్చుండి, అదే వచ్చువరకు వేచియుండవలెను. పగలు నిద్రలేపి ఆడించినచో కరచును. తప్పు దానిది కాదు. దీని ఆయుస్సు రెండు, మూడు సంవత్సరములు. ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరమున తెచ్చిన విద్యార్థి కళాశాల విడిచేనాటికి అది ముదుసలి అగును. విసుగు పుట్టినదని షామీర్‌పేట చెరువు గట్టున విడిచిపెట్టినవారికి, అది ఆ రాత్రే ఏ పిల్లికో గుడ్లగూబకో ఆహారము అగునని తెలియదు కాబోలు.

ఇప్పుడు కళాశాల సంఘము వారి ముందున్న ప్రశ్నకు వచ్చుదము. పెట్టె, చక్రము, పరుపు ఖర్చు సంఘము వారు భరింపగలిగినదే. జంటగా బాధ్యత వహించే విద్యార్థులు రాత్రిపూట కళాశాలలో ఉండరు. కావున మనము చూడగలిగినది సాయంత్రపు తరగతి వేళలలో కొంత మాత్రమే. శీతకాలములో పొద్దు త్వరగా గ్రుంకును గనుక నవంబరు నుండి ఫిబ్రవరి వరకు పరిశీలనకు అనుకూలము. ఆదివారములు, పండుగ సెలవులు ఒక పట్టికతో గడచిపోవును. గడువనిది వేసవి. కళాశాల తలుపులు మూయబడే దినములే ఎండ ముదిరే దినములు. మూసిన ప్రయోగశాలలో ఈ ప్రాణి ఒక వారము బ్రతుకదు. కావలివాని దయకు దానిని వదలుట న్యాయము కాదు. ఏప్రిల్ మొదటి వారము నుండి జూన్ వానలు పడువరకు దానిని తమ ఇంట ఉంచుకొనుటకు ఒక విద్యార్థి తల్లిదండ్రులు ముందుగా సమ్మతిపత్రము వ్రాసి ఇచ్చినచో, ఆ పత్రము అందిన తరువాతనే వడ్రంగికి పెట్టె పురమాయింపవలెనని మా అభిప్రాయము. ఆ ఇల్లు క్రింది అంతస్తుదై, నేలపై షాబాదుబండలు పరచినదైనచో మరియు మంచిది.